అడిగిన హద్దు మీద మెమరీ: ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్‌ది ఒక్కో దారి

ప్రోగ్రాంకు పని మధ్యలో మెమరీ కావాలంటే అడిగి తీసుకోవాలి. ఎన్ని బైట్లు కావాలో చెబితే, ఆ ఖాళీ ఎక్కడ మొదలవుతుందో చెప్పే అడ్రస్ ఒకటి చేతికొస్తుంది. పని అయ్యాక దాన్ని తిరిగి ఇచ్చేయాలి. చాలా ప్రోగ్రాంలకు ఇంతకు మించి పట్టింపు ఉండదు. కొన్నిటికి మాత్రం ఎంత ఖాళీ అన్నదే కాదు, ఆ ఖాళీ ఎక్కడ మొదలైంది అన్నది కూడా ముఖ్యమే. మొదటి అడ్రస్ 16తోనో, 64తోనో, 4096తోనో శేషం లేకుండా భాగించబడాలి. దీన్నే అలైన్‌మెంట్ అంటారు. ఆ సంఖ్య ఎప్పుడూ రెండు ఘాతంగానే ఉంటుంది.

షరతు చిన్నదే. దాన్ని లినక్స్, విండోస్, మ్యాక్‌ఓఎస్, ఆండ్రాయిడ్ ఒకేలా తీర్చవు. అడిగే పద్ధతిలో ఉన్న తేడా పెద్ద చిక్కేమీ కాదు, ఫంక్షన్ లేకపోతే బిల్డ్ దగ్గరే పని ఆగిపోతుంది. అసలు చిక్కు తిరిగి ఇవ్వడంలో ఉంది. లినక్స్ మీద ఏళ్ల తరబడి నిక్షేపంగా నడిచిన కోడ్, విండోస్‌లో కంపైలర్ నోరు మెదపకుండానే మెమరీని పాడు చేయగలదు.

ఎందుకీ పట్టింపు

రైలు స్లీపర్ బోగీలో ఒక్కో అరకు ఎనిమిది బెర్తులు. ఎనిమిది మంది కుటుంబానికి 9 నుంచి 16 వరకు వస్తే అందరూ ఒకే అరలో ఉంటారు. 13 నుంచి 20 వరకు వస్తే సగం మంది ఇక్కడ, సగం మంది పక్క అరలో. టికెట్ కలెక్టర్ రెండు చోట్లా ఆగాలి. ప్రాసెసర్ పరిస్థితీ అంతే. అది మెమరీని ఒక్కో బైటుగా కాకుండా క్యాష్ లైన్ అనే ముక్కలుగా తెచ్చుకుంటుంది. ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లలో ఆ ముక్క 64 బైట్లు. ఆపిల్ సొంత చిప్‌లలో 128. డేటా రెండు ముక్కల మీద పడితే రెండుసార్లు తేవాలి.

ఇది వేగం సంగతి. కొన్ని చోట్ల ప్రోగ్రాం బతుకే దీని మీద ఆధారపడుతుంది. 1999లో పెంటియం 3తో వచ్చిన ఎస్‌ఎస్‌ఈ సూచనలు ఒకేసారి 16 బైట్ల మీద పనిచేస్తాయి. వాటిలో అలైన్‌మెంట్‌ను కోరే రకానికి 16తో భాగించబడని అడ్రస్ ఇస్తే ప్రాసెసర్ పని ఆపేసి తప్పు ప్రకటిస్తుంది. లినక్స్‌లో అది సెగ్మెంటేషన్ ఫాల్ట్‌గా కనిపిస్తుంది. తర్వాత వచ్చిన ఏవీఎక్స్ రిజిస్టర్లు 32 బైట్లు, ఏవీఎక్స్-512వి 64 బైట్లు.

ఇంటెల్ వంశం మామూలు లోడ్, స్టోర్ల విషయంలో మొదటినుంచీ ఉదారమే. సన్ కంపెనీ స్పార్క్ ప్రాసెసర్లు అలా కాదు, అలైన్ కాని అడ్రస్‌ను ముట్టుకుంటే బస్ ఎర్రర్‌తో ప్రోగ్రాంను నిలిపేసేవి. పాత ఆర్మ్ చిప్‌లు ఇంకా ఘోరం: తప్పు చెప్పకుండా బైట్లను తిప్పేసిన తప్పుడు విలువను చేతిలో పెట్టేవి. మద్రాస్ ఐఐటీ 'శక్తి', సీ-డాక్ 'వేగ' ప్రాసెసర్లకు ఆధారమైన రిస్క్-ఫైవ్ నిర్దేశం మధ్యేమార్గం పట్టింది. అలైన్ కాని అడ్రస్‌ను హార్డ్‌వేరే సర్దుకోవచ్చు, లేదా ట్రాప్ ద్వారా సాఫ్ట్‌వేర్ చేత సర్దించవచ్చు. రెండో దారిలో జవాబు సరిగ్గానే వస్తుంది కానీ విపరీతంగా నెమ్మదిస్తుంది.

డిస్కుతో నేరుగా మాట్లాడే ప్రోగ్రాంలది మరో అవసరం. డేటాబేస్‌లు తమ సొంత క్యాష్ నడుపుకొంటూ, ఆపరేటింగ్ సిస్టమ్ క్యాష్‌ను పక్కన పెట్టమంటాయి. లినక్స్‌లో దీనికి 'ఓ-డైరెక్ట్' అనే జెండా ఉంది. దాన్ని వాడితే బఫర్ అడ్రస్, పొడవు, ఫైల్‌లో చదివే స్థానం మూడూ సాధారణంగా 512 లేదా 4096 బైట్ల హద్దు మీద ఉండాలి, లేకపోతే చాలా ఫైల్ సిస్టమ్‌లు అభ్యర్థనను తోసిపుచ్చుతాయి. విండోస్‌లో బఫరింగ్ లేకుండా ఫైల్ తెరిచినా సెక్టర్ పరిమాణం ప్రకారం ఇలాంటి షరతే. మ్యాక్‌ఓఎస్‌లో ఓ-డైరెక్ట్ లేదు. అక్కడ క్యాష్ వద్దని విడిగా చెప్పుకోవాలి.

ఇంత చెప్పాక ఒక మాట అనక తప్పదు. గత పదిహేనేళ్ల ఇంటెల్, ఏఎండీ చిప్‌లలో అలైన్‌మెంట్ కోరని లోడ్ సూచన కూడా సరైన అడ్రస్ మీద అంతే వేగంగా నడుస్తుంది. ఏవీఎక్స్ సూచనల్లో చాలావరకు హద్దు తప్పినా క్రాష్ కావు. అయినా పాత అలవాటు కొద్దీ ప్రతి బఫర్‌కూ 64 అడిగే ప్రోగ్రాంలు కొల్లలు. అవసరం లేని చోట అడగడం వృథా మెమరీ ఒక్కటే కాదు, కింద చెప్పబోయే తలనొప్పులన్నిటినీ ఊరికే కొనితెచ్చుకోవడం.

మామూలుగా అడిగితే ఎంత వస్తుంది

సీ భాషలో మెమరీ అడిగే మామూలు ఫంక్షన్ 'మాలాక్', తిరిగి ఇచ్చేది 'ఫ్రీ'. ప్రత్యేకంగా అడగకపోయినా మాలాక్ కొంత అలైన్‌మెంట్‌కు హామీ ఇస్తుంది. 64-బిట్ లినక్స్‌లో జీలిబ్‌సీ, 64-బిట్ విండోస్, మ్యాక్‌ఓఎస్ మూడింటిలోనూ అది 16 బైట్లు. 32-బిట్ విండోస్‌లో 8. 32-బిట్ ఇంటెల్ లినక్స్‌లోనూ చాలాకాలం 8 ఉండి, 2017లో వచ్చిన జీలిబ్‌సీ 2.26తో 16 అయింది. కాబట్టి 64-బిట్ యంత్రాల మీద ఎస్‌ఎస్‌ఈకి సరిపడా హద్దు అడగకుండానే దొరుకుతోంది. ఏవీఎక్స్, క్యాష్ లైన్, పేజీ హద్దులు కావాలంటేనే వేరే దారి పట్టాలి.

యూనిక్స్ వైపు దారులు

మొదట వచ్చినది బర్క్‌లీ యూనిక్స్‌లోని 'వాలాక్'. పేజీ హద్దు మీద మెమరీ ఇవ్వడం తప్ప మరొకటి తెలియదు. సన్ఓఎస్‌లో కనిపించే 'మెమ్‌అలైన్'లో కోరిన హద్దు చెప్పుకోవచ్చు. కానీ దాంతో తెచ్చిన మెమరీని ఫ్రీ చేయవచ్చా లేదా అన్నది కొన్ని సిస్టమ్‌లలో స్పష్టంగా ఉండేది కాదు. ఈ రెండూ ఇప్పుడు పాతబడ్డ జాబితాలో ఉన్నాయి.

పోసిక్స్ ప్రమాణం ఈ అస్పష్టతను తొలగిస్తూ 'పోసిక్స్ మెమ్‌అలైన్' ఇచ్చింది. దీనితో తెచ్చినదాన్ని మామూలు ఫ్రీతోనే వదిలేయవచ్చని ప్రమాణమే హామీ ఇస్తుంది. వాడకంలో రెండు మెలికలున్నాయి. ఒకటి, కోరే హద్దు రెండు ఘాతం కావడమే కాదు, పాయింటర్ పరిమాణానికి గుణిజం కూడా కావాలి. 64-బిట్ యంత్రం మీద 4 బైట్ల హద్దు అడిగితే, మాలాక్ ఎలాగూ 16 ఇస్తుంది కదా అని ఊరుకోదు, తప్పు కింద తిరస్కరిస్తుంది. రెండు, విఫలమైతే తప్పు సంఖ్యను నేరుగా ఫలితంగా ఇస్తుంది. మిగతా ఫంక్షన్ల అలవాటులో ఎర్ర్‌నో చూసుకునేవారికి అక్కడ నమ్మదగినదేమీ దొరకదు.

2011 నాటి సీ ప్రమాణం 'అలైన్డ్ అలాక్'ను భాషలోకే తెచ్చింది. పేరు చక్కగా ఉంది, వాడుక సులువుగా ఉంది. కానీ అడిగే పరిమాణం హద్దుకు గుణిజంగా ఉండాలని మొదటి ప్రమాణం షరతు పెట్టింది, తర్వాతి సవరణ ఆ షరతును తీసేసింది. జీలిబ్‌సీ దాన్ని ఎప్పుడూ పట్టించుకోలేదు. హద్దు రెండు ఘాతం కాకపోయినా చాలాకాలం పై సంఖ్యకు సర్దుకుని ఇచ్చేసేది, 2023లో మాత్రమే తిరస్కరించడం మొదలుపెట్టింది. మ్యాక్‌ఓఎస్ 2019లో 10.15తో ఈ ఫంక్షన్‌ను తెచ్చి పాత షరతును అక్షరాలా అమలు చేసింది. 64 హద్దు మీద 100 బైట్లు అడిగితే లినక్స్ ఇస్తుంది, మ్యాక్ శూన్య పాయింటర్ చేతిలో పెడుతుంది. 128 అడిగితే రెండూ ఇస్తాయి. అందుకే పరిమాణాన్ని ముందే హద్దు గుణిజానికి పెంచి అడగడం క్షేమం.

ఆండ్రాయిడ్‌లో అలైన్డ్ అలాక్ 2018 నాటి ఆండ్రాయిడ్ 9 నుంచే ఉంది. పోసిక్స్ మెమ్‌అలైన్ అంతకు చాలాముందే వచ్చింది. పాత ఫోన్లను వదులుకోలేని యాప్‌లకు రెండోదే దిక్కు.

యూనిక్స్ వైపు లేనిది ఒకటుంది: హద్దు చెడకుండా పరిమాణం పెంచే ఫంక్షన్. అలైన్ చేసి తెచ్చుకున్న మెమరీని 'రీఅలాక్'కు ఇస్తే పెద్ద ఖాళీ వస్తుంది, పాత డేటా వస్తుంది, పాత హద్దు మాత్రం రావచ్చు, రాకపోవచ్చు. కొత్తది తెచ్చి, కాపీ చేసి, పాతది వదిలేయడమే దారి.

విండోస్ ఎందుకు వేరు

విండోస్‌లో అలైన్డ్ అలాక్ లేదు. ఇది బద్ధకం కాదు. సీ ప్రమాణం ప్రకారం దానితో తెచ్చినదాన్ని మామూలు ఫ్రీతో వదలగలగాలి. తమ ఫ్రీ ఆ పని చేయలేదని, ఆ ప్రమాణం తమ అమలుకు పొసగదని మైక్రోసాఫ్ట్ తన పత్రాల్లోనే రాసుకుంది.

కారణం రెండు వ్యవస్థల కట్టుబడిలో ఉంది. జీలిబ్‌సీలో మాలాక్ ఇచ్చే ప్రతి ముక్కకూ ముందు చిన్న శీర్షిక ఉంటుంది, అందులో ముక్క పరిమాణం రాసి ఉంటుంది. హద్దు మీద కావాలని అడిగితే జీలిబ్‌సీ పెద్ద ముక్క తీసుకుని, లోపల సరైన అడ్రస్ వెతికి, దానికి ముందు కొత్త శీర్షిక రాసి, మొదట మిగిలిన భాగాన్ని విడి ముక్కగా ఖాళీల జాబితాలో కలిపేస్తుంది. ఇక ఆ ముక్కకూ మామూలు ముక్కకూ తేడా లేదు. ఫ్రీ ఎప్పటిలాగే పాయింటర్‌కు ముందున్న శీర్షిక చదువుకుంటుంది.

విండోస్‌లో సీ లైబ్రరీ మాలాక్ కింద ఉన్నది ఆపరేటింగ్ సిస్టమ్ సొంత హీప్. ఆ హీప్‌ను అడిగే ఫంక్షన్‌లో హద్దు చెప్పుకునే చోటే లేదు. తిరిగి ఇచ్చేటప్పుడు తాను ఇచ్చిన అడ్రస్‌నే అచ్చంగా చూపాలి. అందుకే సీ లైబ్రరీ 'అలైన్డ్ మాలాక్' అనే విడి ఫంక్షన్, దానికి జోడీగా 'అలైన్డ్ ఫ్రీ' పెట్టింది. లోపల జరిగేది లెక్క చేసి చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది.

64 హద్దు మీద 100 బైట్లు కావాలి. సర్దుకోవడానికి 63, అసలు అడ్రస్ రాసుకోవడానికి 8, మొత్తం 171 బైట్లు హీప్‌ను అడుగుతాం. హీప్ 1008 అనే అడ్రస్ ఇచ్చిందనుకుందాం. 8 బైట్లు వదిలితే 1016. దాని తర్వాత వచ్చే 64 గుణిజం 1024. ప్రోగ్రాంకు 1024 ఇచ్చి, దానికి సరిగ్గా ముందున్న 8 బైట్లలో 1008 అని రాసి పెట్టుకుంటాం. అలైన్డ్ ఫ్రీ వచ్చినప్పుడు ఆ 8 బైట్లు చదివి, 1008ని హీప్‌కు అప్పగిస్తుంది. మామూలు ఫ్రీకి ఈ సంగతి తెలియదు. అది 1024నే హీప్ ముందు పెడుతుంది. హీప్ ఆ అడ్రస్ ఎప్పుడూ ఇవ్వలేదు. స్టేషన్ క్లోక్‌రూమ్‌లో పెట్టిన సంచికి పార్సిల్ ఆఫీసు రసీదు చూపించినట్టు అవుతుంది. డీబగ్ బిల్డ్‌లో సాధారణంగా అక్కడికక్కడే దొరికిపోతుంది. విడుదల చేసిన బిల్డ్‌లో హీప్ పాడైందన్న తప్పుతో ప్రోగ్రాం వెంటనే ఆగినా ఆగవచ్చు, కాసేపు నడిచి సంబంధం లేని చోట కూలినా కూలవచ్చు.

తిరగేసి చేసినా అంతే. మామూలు మాలాక్‌తో తెచ్చినదాన్ని అలైన్డ్ ఫ్రీకి ఇస్తే, ముందున్న 8 బైట్లలో ఏ చెత్త ఉంటే దాన్నే అడ్రస్ అనుకుని వదలబోతుంది.

విండోస్ దారిలో ఒక మేలు కూడా ఉంది. హద్దు చెడకుండా పరిమాణం పెంచే 'అలైన్డ్ రీఅలాక్' అక్కడ దొరుకుతుంది.

ఇక పేర్ల గందరగోళం. సీ ప్రమాణపు అలైన్డ్ అలాక్‌లో ముందు హద్దు, తర్వాత పరిమాణం. మైక్రోసాఫ్ట్ అలైన్డ్ మాలాక్‌లో ముందు పరిమాణం, తర్వాత హద్దు. రెండూ పూర్ణాంకాలే కాబట్టి తారుమారైతే కంపైలర్‌కు పట్టదు. 64 హద్దు మీద 4096 బైట్లు కావాలనుకున్నవాడికి 4096 హద్దు మీద 64 బైట్లు వస్తాయి. మిగతా 4032 బైట్లు పక్కవాళ్ల మెమరీలో రాసుకుపోతాడు. ఈ ఒక్క చోట మ్యాక్ చాదస్తం పనికొస్తుంది: 64 అనేది 4096కు గుణిజం కాదు గనుక అది ఇవ్వనంటుంది.

కూడికలో దాగిన రంధ్రం

పై లెక్కలో 100కు 63, 8 కలిపాం. ఆ 100 స్థానంలో బయటి ఫైల్‌లో నుంచి చదివిన సంఖ్య ఉంటే? అది పూర్ణాంకం పట్టగల గరిష్ఠానికి దగ్గరగా ఉంటే 71 కలపగానే లెక్క పొర్లి మళ్లీ సున్నా దగ్గర మొదలవుతుంది. అడిగేది అతి చిన్న ఖాళీ అవుతుంది, ప్రోగ్రాం మాత్రం బ్రహ్మాండమైన ఖాళీ దొరికిందనుకుని రాయడం మొదలుపెడుతుంది. ఇది ఊహ కాదు. జీలిబ్‌సీ 2.26, అంతకుముందు వెర్షన్లలో మెమ్‌అలైన్ కుటుంబంలోనే ఇలాంటి పొర్లు దోషం బయటపడి, 2018 భద్రతా లోపాల జాబితాలో 6485 సంఖ్యతో నమోదైంది. దశాబ్దాలుగా ఎందరో చూసిన లైబ్రరీకే ఇది తప్పలేదు. సొంతంగా నాలుగు లైన్లలో రాసుకునే ఫంక్షన్లలో కూడికకు ముందు హద్దు పరీక్ష పెట్టేవి ఎన్ని ఉంటాయో ఊహించుకోవచ్చు.

కొత్త భాషలు ఏం చేశాయి

సీ ప్లస్ ప్లస్‌లో 2017 ప్రమాణం వరకు 'న్యూ' అనే ఆపరేటర్‌కు ఎక్కువ హద్దు కోరే రకాల సంగతి తెలియదు. గణిత లైబ్రరీ 'ఐగెన్' వాడినవారికి ఇది అనుభవమే. ఆ లైబ్రరీ వెక్టర్‌ను తమ క్లాస్‌లో సభ్యంగా పెట్టుకుంటే, ప్రత్యేక మాక్రో ఒకటి రాయకపోతే, అలైన్‌మెంట్ తప్పిందంటూ ప్రోగ్రాం ఆగేది. ఈ ఒక్క తప్పును వివరించడానికే లైబ్రరీ వాళ్లు విడి పేజీ పెట్టాల్సి వచ్చింది. 2017 ప్రమాణం తర్వాత హద్దు ఎంతో కంపైలరే న్యూకీ, డిలీట్‌కీ రెంటికీ చెబుతోంది. విండోస్ మీద అడుగున సరైన జోడీని అదే పిలుస్తుంది.

రస్ట్ భాష మొదటినుంచీ ఈ దారే పట్టింది. మెమరీ తిరిగి ఇచ్చేటప్పుడు పాయింటర్‌తో పాటు పరిమాణం, హద్దు కూడా చెప్పాలి. సీ భాషలోకి కూడా 23 ప్రమాణంతో హద్దు, పరిమాణం చెప్పి వదిలే ఫంక్షన్ వచ్చింది. అయితే అది అలైన్డ్ అలాక్‌కు జోడీ. ఆ జోడీలో సగమే లేని విండోస్‌లో దానివల్ల ఒరిగేదేమీ లేదు.

పేజీ అంటే 4096 కాదు

పేజీ హద్దు కావాలనుకున్నప్పుడు హీప్‌తో పని లేదు, ఆపరేటింగ్ సిస్టమ్‌నే నేరుగా పేజీలు అడగవచ్చు. యూనిక్స్ వైపు 'ఎమ్‌మ్యాప్' పేజీ హద్దు మీద ఇస్తుంది. విండోస్‌లో 'వర్చువల్ అలాక్' 64 కిలోబైట్ల హద్దు మీద కొత్త ప్రాంతాన్ని కేటాయిస్తుంది, పేజీ 4 కిలోబైట్లే అయినా సరే. 100 బైట్ల కోసం ఇంత చేయడం దండగ, పెద్ద బఫర్లకు మాత్రం ఇదే శుభ్రమైన దారి.

ఇక్కడ చాలామంది చేసే తప్పు 4096ను కోడ్‌లో గట్టిగా రాసేయడం. ఆపిల్ సొంత చిప్‌లున్న మ్యాక్‌లలో పేజీ 16 కిలోబైట్లు. ఆర్మ్ లినక్స్‌లో 4, 16, 64 కిలోబైట్లు మూడూ సాధ్యమే. రెడ్‌హ్యాట్ తన ఆర్మ్ లినక్స్‌ను 8వ వెర్షన్ వరకు 64 కిలోబైట్లతో ఇచ్చి, 9లో 4కు మార్చింది. ఇప్పుడు ఈ మార్పు ఫోన్లకూ వచ్చింది. ఆండ్రాయిడ్ 15 నుంచి 16 కిలోబైట్ల పేజీలకు మద్దతు ఉంది. ఆండ్రాయిడ్ 15, ఆపై వెర్షన్ల కోసం చేసే కొత్త యాప్‌లు, అప్‌డేట్‌లు 64-బిట్ ఫోన్లలో దీనికి సిద్ధంగా ఉండాలని గూగుల్ ప్లే 2025 నవంబర్ 1 గడువు పెట్టింది. జావా, కోట్లిన్‌లోనే రాసిన యాప్‌లకు చిక్కు లేదు. సీ, సీ ప్లస్ ప్లస్ లైబ్రరీలు లోపల పెట్టుకున్న ఆటలు, కెమెరా యాప్‌లు, ఎవరో ఎప్పుడో కంపైల్ చేసి ఇచ్చిన లైబ్రరీ మీద నడిచే యాప్‌లు తిరిగి బిల్డ్ చేసుకోవాలి, 4096 ఎక్కడెక్కడ రాసుందో వెతుక్కోవాలి. పేజీ పరిమాణం ఎంతో నడుస్తున్న సిస్టమ్‌నే అడిగి తెలుసుకునే ఫంక్షన్లు అన్నిటిలోనూ ఉన్నాయి.

ఆచరణలో నిలిచే పద్ధతి

అనేక సిస్టమ్‌ల మీద నడవాల్సిన ప్రాజెక్టులు చివరికి చేరేది ఒకే చోటికి. తమవైన రెండు ఫంక్షన్లు: ఒకటి తేవడానికి, ఒకటి వదలడానికి. లోపల విండోస్ అయితే అలైన్డ్ మాలాక్, అలైన్డ్ ఫ్రీ. మిగతా చోట్ల పోసిక్స్ మెమ్‌అలైన్, ఫ్రీ. వాదనల వరుస, కనీస హద్దు, పరిమాణం గుణిజానికి పెంచడం, పొర్లు పరీక్ష అన్నీ ఆ ఒక్క చోటే. బయటివాళ్లు వదలాల్సిన మెమరీని ఈ దారిలో తేకూడదు. వదిలేవాడు మామూలు ఫ్రీ పిలుస్తాడని అనుకోవాల్సిందే. విండోస్‌లో అయితే వేర్వేరు సీ లైబ్రరీ ప్రతులతో బిల్డ్ అయిన రెండు డీఎల్‌ఎల్‌ల మధ్య మామూలు మాలాక్, ఫ్రీలనే కలపకూడదు.

మిగిలే బెడద పరీక్షలది. జట్టులో చాలామంది లినక్స్ మీదో మ్యాక్ మీదో పనిచేస్తుంటే, తమ వదిలే ఫంక్షన్‌కు బదులు ఎవరైనా అలవాటుగా ఫ్రీ రాసినా అక్కడ ఏ పరీక్షా విఫలం కాదు. విండోస్ వాడేవాడి దగ్గరికి చేరాకే బయటపడుతుంది. దీనికి విరుగుడుగా, డీబగ్ బిల్డ్‌లలో లినక్స్ మీద కూడా పోసిక్స్ మెమ్‌అలైన్ వాడకుండా పైన చూసిన 171 బైట్ల పద్ధతినే వాడవచ్చు. అప్పుడు తప్పు జోడీ పడగానే జీలిబ్‌సీ సాధారణంగా ప్రోగ్రాంను అక్కడే ఆపేస్తుంది, తప్పు రాసినవాడి యంత్రం మీదే.